దోసెడు ఉప్పు

కథలో తర్కము చెడినచోట భయము కూడ చెడునని రసజ్ఞులు చెప్పుదురు. గోడలోనుండి రాగల దయ్యము తలుపు తట్టుట యెందుకని ప్రేక్షకునికి ఒక్కసారి తోచెనా, అది యిక దయ్యము గాదు, వేషము వేసికొన్న నటుడు మాత్రమే. కావుననే భయానకమును పోషింపదలచినవాడు తక్కిన రసములను పోషించువానికంటె తన లెక్కలను జాగ్రత్తగా చూచుకొనవలసియుండును. ఈ మాట చాలవరకు నిజమే. అయినను, లెక్క తప్పియు, ఆ తప్పినచోటనే తన భయమునంతయు దాచుకొన్న కథ యొకటి నాకు తెలియును. అది 1966వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన అమెరికా టెలివిజనులో ప్రసారమైన 'స్టార్ ట్రెక్' అను వైజ్ఞానిక కల్పనా ధారావాహికలోని తొలి భాగము. 'ది మ్యాన్ ట్రాప్' దాని పేరు. రచయిత జార్జ్ క్లేటన్ జాన్సన్, దర్శకుడు మార్క్ డేనియల్స్. చిత్రీకరణక్రమములో అది మొదటిది కాకపోయినను, రాక్షసి గల కథకు జనము త్వరగా చేరుదురని ఎన్.బి.సి. వారు దానినే ముందుకు త్రోసిరి.

ఎంటర్‌ప్రైజ్ అను వ్యోమనౌక ఎమ్-113 అను శిథిలగ్రహమును చేరును. అచ్చట క్రేటర్ అను పురాతత్త్వవేత్తయు, ఆయన భార్య నాన్సీయు, వేఱొక నరసంచారము లేని యెడారిలో త్రవ్వకములు జరుపుకొనుచు కాలము గడపుచుందురు. వారికి నియమానుసారముగా జరుగవలసిన వైద్యపరీక్షకై నౌకాధిపతి కిర్క్, వైద్యుడు మెకాయ్, డార్నెల్ అను యువకుడు ముగ్గురును దిగుదురు. మెకాయ్ పూర్వము నాన్సీని ప్రేమించినవాడు. ఏండ్ల క్రిందట విడిపోయిన నాడెట్లుండెనో, ఒక్క వెండ్రుకయైన నెరయక, అట్లే ఆమె అతని కన్నుల కగపడును. కిర్క్ కన్నులకు వయసు మీరిన గృహిణి. డార్నెల్ కన్నులకు ఎచ్చటనో యొక విలాసగ్రహమున తాను చూచిన పడుచు. ఒకటే గది, ఒకటే క్షణము, ఒకతెయే స్త్రీ. చూచినవారు ముగ్గురు, కనబడిన రూపములు మూడు. డార్నెల్ ఆ పడుచు వెంట బయటికి పోయి, ముఖమునిండ వలయాకారపు ఎఱ్ఱని మచ్చలతో శవమై దొరకును. అతని శరీరమున లేశమైనను ఉప్పు మిగిలియుండదు.

నిజమైన నాన్సీ యెప్పుడో మరణించినది. ఆమెను చంపి ఉప్పు పీల్చిన ఒక జీవి, ఆ గ్రహపు పూర్వనివాసులలో కడపటిది, ఆమె రూపముననే ఆమె భర్తతో కాపురము చేయుచున్నది. ఆయన కీ సంగతి తెలియును.

నేను దీనిని చూచినది లాలాగూడలో, ప్రక్క క్వార్టర్సులో. 1893లో నిజాము రైల్వేవారు నెలకొల్పిన కార్ఖానాను చుట్టుకొని పెరిగిన ఆ పేటలో అప్పటికింకను కొన్ని ఆంగ్లో ఇండియను కుటుంబములు మిగిలియుండెను. పిల్లలు ఆస్ట్రేలియాకు తరలిపోగా పెద్దలు పింఛనులతోను, వరండాలోని క్రోటను కుండీలతోను ఇచ్చటనే నిలిచిరి. ప్రక్కింటి ఆంటీకి ఆమె తమ్ముడు పెర్త్ నగరమునుండి, అక్కడి టెలివిజనులో వచ్చినవానిని పట్టి నింపిన క్యాసెట్లు పంపెడివాడు. ఆమె పండుగదినములలో వీ.సీ.ఆర్. అద్దెకు తెప్పించి, తన నలుపుతెలుపుల టీవీకి తగిలించి, కాలనీ పిల్లలనందఱిని చాపలమీద కూర్చుండబెట్టెడిది. దూరదర్శనువారు ఆదివారపు ఉదయములలో చూపిన పుణ్యమున ఎంటర్‌ప్రైజ్ నౌకయు, చెవులు మొనదేలిన స్పాక్ దొరయు మాకప్పటికే పరిచితులు. రంగు టెలివిజనుల యుగమునకై ముచ్చటపడి తీసిన ఆ ధారావాహికలోని పసుపు, నీలి, ఎఱ్ఱ చొక్కాలన్నియు మాకు బూడిదరంగులో తేడాలే. ఎఱ్ఱని వలయములుకూడ అంతియే; నల్లబడిన ఆ మచ్చలు మాకు జలగ పట్టి విడిచిన గుర్తులుగా తోచి, రంగులో చూచినవారికంటె ఎక్కువ జంకు కలిగించినవని, తరువాత రంగులో చూచినపుడు తెలిసినది.

అందులో నొక దృశ్యము మాత్రము రంగుతో పనిలేనిది. గ్రీన్ అను నావికుని చంపి, వాని రూపముతో నౌకలోనికి చొఱబడిన ఆ జీవి నడవాలో నిలిచియుండును. రాండ్ అను యువతి ఒక పళ్ళెరములో భోజనము పట్టుకొని పోవుచుండును. పళ్ళెరముపై ఉప్పు సీసా. ఆ జీవి ఆమె ముఖమును చూడదు, అన్నమును చూడదు. చూపు ఆ సీసామీద నిలిచిపోయి, కాళ్ళు తమంతట తామే ఆమె వెంట నడచును. చేయి కొంచెము లేచును, వెనుకకు తగ్గును, మరల లేచును. ఆకొన్నవాడు మర్యాదకొఱకు ఆకలి నాపుకొనుటయెట్లో, ఆ నటుడు చేతివ్రేళ్ళతోనే చూపినాడు. చాపమీద మా నడుమ కూర్చున్న మా నాయనమ్మకు ఆంగ్లము రాదు. ఈ దృశ్యమునకది యక్కఱలేకపోయెను.

"గింతంత ఉప్పుకు మనిషి పానం తీసుడేంది బిడ్డా? అడిగితే దోసెడు ఇయ్యరా వాళ్లు?" అని ఆమె ఆంటీని అడిగెను.

"అడిగిండమ్మా ఆ ముసలాయన. ముందుగాల డాక్టర్ చెక్ జేస్తడు, ఉప్పు సంగతి తర్వాత అంటున్నడు కెప్టెన్."

నాయనమ్మ కొంచెము సేపు ఆలోచించి, "దీపాలు పెట్టినంక అడిగిండేమో" అనెను.

సంధ్య దాటిన పిదప ప్రక్కింటివారికి ఉప్పు చేబదులీయని ఇల్లాలి కా సమాధానము సంపూర్ణముగా తృప్తి నిచ్చినది. విమర్శకులకు మాత్రము నేటికిని తృప్తి కలుగలేదు. వారి ఆక్షేపణ మా నాయనమ్మ ఆక్షేపణయే. చిన్న చిన్న లోపములను నేను లెక్కచేయను: సూలూ అను నౌకాధికారి పెంచుకొను మొక్క చేతితొడుగు తొడిగికొన్న మనుష్యహస్తమని పసివాడైనను కనిపెట్టగలడు, కడపట బయటపడిన రాక్షసి జడలు కట్టిన బొచ్చుతోను, గుండ్రని నోటితోను భయముకంటె జాలినే పుట్టించును. మొదటి దృశ్యములో ముగ్గురికి మూడు రూపములుగా తోచిన జీవి, తరువాత నలువురు కూడిన సభలో అందఱికిని ఒకే రూపమున నెట్లు కనబడినదని అడిగినచో రచయితవద్ద జవాబు లేదు. ఇవన్నియు క్షమింపదగినవి. క్షమింపరానిది ఉప్పు లెక్క. కోరిన రూపము ధరింపగలిగి, ఎదుటివాని మనస్సును చదువగలిగి, ఉహూరా అను నల్లజాతి యువతి యెదుట ఆమె మనసునకు నచ్చిన పురుషుడై నిలిచి స్వాహిలీ భాషలోనే మాటలాడగలిగిన జీవికి, వంటయింటికి పోయి ఉప్పు తెచ్చుకొనుట తెలియదా? పైగా అది కొంతసేపు ధరించినది సాక్షాత్తు వైద్యుని రూపము. ఉప్పుబిళ్ళలుండు ఔషధశాల ఆ నౌకలో ఎవరి అధీనమున నుండును?

ఈ ప్రశ్నకు సమాధానము కథలోనే, ఎవరును అంతగా గమనింపని యొకచోట నున్నది. మెకాయ్ రూపముననున్న ఆ జీవి అధికారుల సభలో కూర్చుండి, తన్ను పట్టుకొను ఉపాయములను వారు చర్చించుచుండగా విని, మోసములేవియు లేకుండ ఆ జీవికి ఉప్పిచ్చి చూడరాదా, అది మనమీద పడవలసిన కారణమేమున్నది, అను నర్థము వచ్చునట్లు పలుకును. స్పాక్ ఆ సౌజన్యమును మెచ్చుకొని, ఆలోచన మాత్రము ప్రమాదకరమైనదని త్రోసిపుచ్చును. సభ ముందునకు సాగిపోవును. అనగా అది అడిగినది! ఒకరి ముఖము పెట్టుకొని, ఒకరి గొంతుకతో, తన్నుగూర్చి తానే ప్రథమపురుషలో చెప్పుకొని, మర్యాదగా, నిండుసభలో అడిగినది, నిరాకరింపబడినది. అడిగినవాడెవడో ఆ సభకు తెలియదు. తెలిసియున్నచో అసలే ఈయరు. నాలుగు హత్యల పిదప అడిగిన ఉప్పు ఎవ్వరీయగలరని మీరనవచ్చును, నిజమే. కాని మొదటి హత్యకు ముందుగానే క్రేటర్ అడిగినపుడు నియమము అడ్డువచ్చెను గదా. ఇందు క్రూరులెవ్వరును లేరు. వైద్యపరీక్ష జరుగవలెనన్న కిర్క్ కర్తవ్యపరాయణుడు. జాగ్రత్తపడుమన్న స్పాక్ బుద్ధిమంతుడు. ఇంత చౌకగా తీరదగిన యాకలి, ఇంతమంది మంచివారి నడుమ, ప్రాణములతో తీరవలసివచ్చుటయే నన్ను బెదరించినది. రచయిత లెక్క సరిచూచుకొనియున్నచో నాకీ బెదురే లేకపోయెడిది.

ఉప్పు చౌకయని నేను సులభముగా అనుచున్నాను గాని, శరీరములోని ఉప్పు చౌక కాదని ఆ కాలనీలో పుట్టినవాని కెవ్వరును చెప్పనక్కఱలేదు. మా నాయన కార్ఖానాలో కొలిమి యొద్ద పనివాడు. వేసవిలో సాయంకాలపు సైరను కూసిన కొంతసేపటికి ఆయన సైకిలు వచ్చెడిది. చొక్కా విప్పి దండెముమీద వేసినచో, ఆ ఖాకీగుడ్డ వీపుమీద తెల్లని చారలు, ఒకదానివెంట నొకటి, అట్లాసులోని తీరరేఖలవలె వంకరలు తిరిగి కనబడెడివి. ఉదయపు చెమట ఎంతవఱకు ఎండినదో, మధ్యాహ్నపు చెమట దానిని దాటి ఎచ్చటివఱకు పోయినదో ఆ చారలే చెప్పును. వ్రేలితో గీకినచో పొడి రాలును. అమ్మ ఆ చొక్కాలను వేఱుగా నానవేయుచు, చెమటలో ఉప్పంతయు పోయిన రాత్రులలో నాయన పిక్కలు కొంకర్లుపోవునని, మజ్జిగలో ఉప్పు వేసి యిచ్చెడిది. మనుష్యుని నెత్తుటిలో ఎంత ఉప్పుండవలెనో ఆసుపత్రిలో వ్రేలాడు సెలైను సీసాయే చెప్పును: లీటరు నీటికి 9 గ్రాములు. నాడులలో వార్త పాఱుటకును, గుండె సంకోచించుటకును అందలి సోడియము ఆధారము. మచ్చలు పడిన ఆ శవములను తెరమీద చూచుచున్నపుడు తక్కిన పిల్లలు రాక్షసిని చూచిరి. నేను దండెముమీది చొక్కాను చూచితిని. రోజునకు కొంచెము కొంచెముగా నాయన శరీరమునుండి తీసికొనునది మఱియొకటి కలదని నాకు తోచినది. అది రూపము మార్చుకొనునది కాదు. దాని సైరను పేటకంతయు వినబడును.

ఉప్పుగూర్చి ఇంత పట్టుదలతో ఆలోచించిన చోటు మా యింటికి దూరమేమియు గాదు. తార్నాక చౌరస్తా దాటి విశ్వవిద్యాలయపు ప్రాంగణమువైపు పోవుచో జాతీయ పోషకాహార సంస్థ వచ్చును. 1918లో కూనూరులో మెకారిసన్ దొర ఆరంభించిన పరిశోధనశాలయే పెరిగి 1958లో ఇచ్చటికి తరలివచ్చినది. రక్తహీనతకు ఇనుమును, గళగండమునకు అయొడినును ఒకే ఉప్పులో కలిపి ఇంటింటికి పంపవచ్చునని అక్కడివారు ఏండ్ల తరబడి శ్రమించిరి. వాహకముగా ఉప్పునే యేల యెన్నుకొనిరనగా, ధనికుడనక దరిద్రుడనక ప్రతివాడును ప్రతిదినమును ఇంచుమించు ఒకే కొలతలో తినునది అదియొక్కటే. ఆ ప్రహరీ ప్రక్కనుండి నడచి ఆర్ట్స్ కళాశాలకు పోవునపుడెల్ల నా మనస్సున ఒక చిలిపి యూహ మెదలెడిది: ఎమ్-113 నివాసియే గనుక త్రోవ తప్పి తార్నాకలో దిగినచో, ఆకలి తీరుటయే గాక, పనిలో పనిగా దాని రక్తహీనతయు కుదిరెడిది గదా!

ఇక రూపము మాట. కామరూపులు మనకు క్రొత్త కాదు. మారీచునినుండి మన బాలశిక్ష మొదలగును. కాని మారీచుడు లేడియైనపుడు చూచినవారందఱికిని లేడియే. ఎవరి కోరికనుబట్టి వారికి తోచు రూపమునకు నలోపాఖ్యానము దగ్గఱగా వచ్చును. దమయంతి కోరిన నలుని రూపమునే నలువురు దేవతలు ధరించి స్వయంవరమున నిలువగా, ఆమె అయిదుగురు నలులలో నిజమైనవానిని పోల్చుకొన్న గుర్తులు మిక్కిలి చిత్రమైనవి: దేవతల ఱెప్పలు వాలవు, దండలు వాడవు, పాదములు నేల నంటవు, శరీరమునకు నీడయుండదు, చెమట పట్టదు. నలునికి చెమట పట్టినది. ఏది యుండుటచే నరుడు నరుడని దమయంతి గుర్తించినదో, దానినే ఆ గ్రహాంతరజీవి కోరుకొన్నది. మెకాయ్‌కి ఈ సూక్ష్మము తట్టలేదు. నాన్సీకి ఇన్నేండ్ల వయసు పైబడలేదేమని వైద్యుడైయుండియు ఆతడు శంకింపడు. ప్రేమించినవాడు గనుక శంకింపడు. కడపట స్పాక్ ఆమెను రెండు చేతులతోను మోదుచు, ఈమె నాన్సీయే యైనచో ఈ దెబ్బల నోర్వగలదా యని చూపవలసివచ్చును. దమయంతి కంటితో చూచినదానిని ఇచ్చట పిడికిళ్ళతో నిరూపింపవలసివచ్చినది!

ఇట్లు అయినవారి వేషమున వచ్చు భయమును మన యిండ్లలోనికి వచ్చినదే. ఒకానొక కాలమున తెలుగు పల్లెలలోను, పట్టణపు శివారులలోను తలుపులమీద బొగ్గుతోనో సున్నముతోనో 'ఓ స్త్రీ రేపు రా' అని వ్రాసికొనిరి. ఆమె రాత్రివేళ తల్లి గొంతుకతోనో, భార్య గొంతుకతోనో పిలుచుననియు, పలికినవాడు బ్రదుకడనియు ప్రతీతి. వ్రాత చదివి ఆమె తిరిగిపోవునట. మఱునాడు వచ్చినను అదే వ్రాత, మరల తిరిగిపోవునట. తల్లి గొంతుకను తప్పులేకుండ అనుకరింపగలిగిన పిశాచి, ఒక్కటే మాటకు ప్రతిరాత్రియు మోసపోవుటయేమి? తర్కదృష్టితో చూచినచో ఇంతకంటె బీటలు వాఱిన కథ లేదు. అయినను చదువుకొన్నవారి తలుపులమీదను ఆ వ్రాత యుండెను; రాత్రి తలుపు కొట్టి అమ్మ పిలిచినను వెంటనే పలుకకుము, మూడుమార్లు పిలిచిన పిదప పలుకుము, అని పిల్లలకు నేర్పిరి. భయపడినది ఆ స్త్రీకి కాదు. అమ్మ పిలిచినపుడు పలుకకుండుట నేర్చుకొనవలసివచ్చుటకు.

ఉప్పు లెక్కలోని ఈ లోపమును ఆ ధారావాహికవారే ఆఱు నెలలలో సవరించుకొనిరని చెప్పదగును. 1967 మార్చి 9న వచ్చిన 'ది డెవిల్ ఇన్ ది డార్క్' అను భాగములో, ఱాతిని తొలుచుకొనిపోవు ప్రాణి యొకటి గనికార్మికులను చంపుచుండును, స్పాక్ దాని మనస్సును స్పృశించి, కార్మికులు తెలియక పగులగొట్టుచున్న గుండ్లు దాని గ్రుడ్లేయని తెలిసికొనును, ఒడంబడిక జరుగును, ఉభయులును సుఖపడుదురు. రచనలో ఇది నిస్సంశయముగా మేలైనది. మా నాయనమ్మ చూచియున్నచో నిండుగా మెచ్చుకొనెడిది. నేనును మెచ్చుకొందును, కాని దానిని చూచి లేచిన రాత్రి నాకు హాయిగా నిద్రపట్టినది.

క్రేటర్ తన పక్షమున చెప్పిన వాదము మఱియొకటి కలదు: అది తన జాతిలో కడపటిది, భూమిమీద గుంపులు గుంపులుగా తిరిగి అంతరించిన పావురములవంటిదని. అమెరికాలో ఆ సంచారి పావురములలో చివరిది 1914లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయినది గనుక ఆ ప్రేక్షకులకు ఆ మాట సూటిగా తగిలియుండును. మనకు తగులవలెనన్నచో కలివికోడిని తలచుకొనవలయును. 1900 తరువాత ఎవ్వరికిని కనబడక, అంతరించినదని గ్రంథములకెక్కిన ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతమున మరల కానవచ్చినది. పండితులు ఎనుబదియేండ్లకు పైగా లేదనుకొన్నదానిని అక్కడి గ్రామస్థులు పేరుపెట్టి పిలుచుచునే యుండిరి. కావున ఒక ముసలి ఆచార్యుడు, ఒక్క గ్రహములో ఒక్క మూలను త్రవ్వి, ఇది కడపటిదని నిర్ధారించుటను నేను పూర్తిగా నమ్మను. మెకాయ్ కడపట ఆ జీవిమీద తుపాకి పేల్చుటకు ముందు ఆ మాటను సరిచూచినవారు లేరు. తరువాత కిర్క్ తన ఆసనములో కూర్చుండి అడవిదున్నలను తలచుకొనును, నౌక కదలిపోవును, వచ్చువారము మఱియొక గ్రహము.

నాకు వారి వారములతో పనిలేదు. నేను చూడగోరు భాగమును వారు తీయనేలేదు. భార్యను చంపిన ప్రాణి యని తెలిసియు, దాని ముఖమున ఆ భార్యనే చూచుచు, దానికి ఉప్పుతోపాటు ప్రేమయు కావలెనని చెప్పగలిగిన క్రేటర్, నౌక రాకపూర్వము ఆ కుటీరమున గడపిన దినముల కథ అది. ఉప్పు తఱిగిపోవుచున్నదని ఆయనకు తెలియును. మిగిలిన బిళ్ళలను ఏ రాత్రియో దీపము ముందు లెక్కపెట్టియుండును. తన కూడును చప్పగా తిని తన వంతుకూడ దానికే యిచ్చెనా? అది వద్దనెనా? తన శరీరములోని ఉప్పునుగూర్చి వారిద్దఱిలో ముందుగా ఎవరు మాట తెచ్చిరి? ఇవి జాన్సన్ వ్రాయలేదు. నాన్సీగా జీన్ బాల్, క్రేటర్‌గా ఆల్‌ఫ్రెడ్ రైడర్ నటించిరి. ఇరువురును సమర్థులు, వ్రాసియిచ్చినచో చేసియుండెడివారే.